సుద్దతో గీసిన కనుపాపలు

మా అత్తమ్మ ఇక లేదని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. కరోనా రెండోసారి సూరత్‌ను చుట్టేసిన రోజులవి. మమ్మల్ని గేటు దాటనివ్వలేదు. ఆఖరి చూపు కూడా దక్కలేదు. ఆమె ఎప్పుడూ కొంగున ముడేసుకునే సుద్దముక్క మాత్రం ఇంట్లో గూట్లో ఉండిపోయింది.

ఖటోదరా పేటలో ఒక మగ్గాల షెడ్డులో ఆమె బట్ట చెకింగ్ చేసేది. బట్టను వెలుతురుకు పట్టి, పోగు తెగిన చోట సుద్దతో సున్నా చుట్టేది. "గల్తీ కనవడంగనే గుర్తు వెట్టాలె. తర్వాత చెప్తె ఎవడు నమ్ముతడు?" అనేది.

అంతకుముందు ఏడాది లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగి, అత్తమ్మ, మా ఆయన, నేను ముగ్గురం ఒక్క గదిలో ఇరుక్కుపోయాం. నాకో తలనొప్పి మొదలైంది అప్పుడే. రోజూ మధ్యాహ్నం అన్నాలు తినగానే ఎడమ కంటి వెనక దబ్బనంతో పొడిచినట్టుండేది. కన్ను ఎర్రబడి నీళ్లు కారేవి. బయటికి పరుగెడదామంటే పోలీసులు. ఆ నాలుగు గోడల మధ్యే తిరిగి తిరిగి, తల గోడకేసి కొట్టుకునేదాన్ని. గంటకు దానంతటదే తగ్గేది.

"కంట్లె దూది పడ్డదేమో" అన్నాడు మా ఆయన మొదట. తర్వాత, "గిన్నెలు తోమే యాళ్లకే వస్తదేంది నీకు?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నొప్పికంటే ఆ నవ్వే ఎక్కువ బాధపెట్టింది.

అత్తమ్మ నవ్వలేదు. ఒకరోజు కిటికీ మూసి, నా గడ్డం పట్టుకుని, బట్టను చూసినట్టే నా కళ్లలోకి చూసింది.

"ఏందే పిల్లా! చీకట్ల కుడి పాప పెద్దగయ్యింది, ఎడమది గింజంతనే ఉన్నది. రెప్ప గూడ జారింది."

కొంగు ముడి విప్పి, గోడ మీద రెండు సున్నాలు గీసింది: ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నొప్పి వచ్చినప్పుడల్లా గీసేది. నన్ను నమ్మిన మొదటి మనిషి ఆమె.

చివరికి ఒక నరాల డాక్టరు వీడియో కాల్‌లో దొరికితే, ఫోన్‌ను గోడవైపు తిప్పింది. ఆ సున్నాలేమిటో ఆయనకు చెప్పింది. నొప్పి లేచినప్పుడు నరాల కొసలు పెప్టైడ్లనే పదార్థాలను కంటి దగ్గర వదులుతాయనీ, ఎరుపూ నీళ్లూ అందుకేననీ, పాపను పెద్దది చేసే నరం ఆ కాసేపు పట్టు తప్పుతుందనీ ఆయన హిందీలో చెప్పాడు. "ఏడుపు నటించవచ్చు. ఒక్క కంటి పాపను చిన్నది చేసుకోవడం ఎవరి వల్లా కాదు" అన్నాడు.

"ఇన్నవా కొడుకా?" అంది అత్తమ్మ. మా ఆయన తల దించుకున్నాడు. మందులతో ఆ నొప్పి నెమ్మదించింది.

ఆమె పోయిన పదిరోజులకు నొప్పి మళ్లీ వచ్చింది. అదే గది, అదే గోడ. ఇక చూసేవాళ్లెవరని మోకాళ్లలో తల పెట్టుకున్నాను. మా ఆయన లేచి కిటికీ మూశాడు. నా గడ్డం పట్టుకుని, "కండ్లు తెరువు జర" అన్నాడు.

గూట్లోంచి సుద్దముక్క తీసి, వాళ్లమ్మ గీసిన ఆఖరి జంట పక్కన రెండు సున్నాలు గీశాడు. రెండూ వంకరపోయాయి. చిన్నది మాత్రం చిన్నగానే గీశాడు.