మామ్మ పూనకం, నా గోథిక్ పాఠం

ఈ రోజు శ్రీకాకుళంలో మా డిగ్రీ పిల్లలకు పాత ఇంగ్లీషు గోథిక్ నవలల్లోని, అంటే భయం పుట్టించే కథల్లోని, రెండు ముఖాల మనుషుల గురించి చెప్పాను. పైకి పెద్దమనిషి, లోపల రాక్షసుడు. లోపలివాడు చేసేది పైవాడికి తెలియదు, కాబట్టి అతని మీద జాలిపడాలి. పదేళ్లుగా ఇదే పాఠం చెబుతున్నాను.

కోటబొమ్మాళి నుంచి రోజూ రైల్లో వచ్చే లావణ్య లేచింది.

"తెలీదంటే నేను నమ్మను మేడమ్. మా మామ్మకి ఏటేటా పండగలో అమ్మోరు పూనుతాది. మామూలప్పుడు తాత కొట్టినా నోరిప్పదు. పూనకంలో మాత్రం 'ఒరే, ఆడదాని మీద సెయ్యెత్తితే నీ ఇల్లు నిలవదు' అని ఊరందరి ముందూ అంటాది. తాత కాళ్ల మీద పడిపోతాడు. దిగినాక అడిగితే ఏటీ గుర్తు లేదంటాది."

"నిజంగానే గుర్తుండదేమో," అన్నాను.

"మొన్న నన్ను పక్కకి పిలిసి, 'అందరికీ ఇనపడిందా' అని అడిగింది మేడమ్."

ఇంటికొచ్చి నోట్సులో 'తెలియదు' అన్న మాట కొట్టేశాను. మీ ఇళ్లలో అమ్మోరు ఎవరి మీదికి వస్తుంది? వచ్చి ఎవరిని తిడుతుంది?