బాబాయికి పెట్టిన నామం

మొన్న ఫోన్‌కి ఒక ఆహ్వానం వచ్చింది. మా బాబాయి స్నేహితుడి కొడుకు పంపాడు. మధురవాడలో సభట, పాతతరం నాస్తికులను తలుచుకుంటారట. బాబాయి ఫొటో పక్కన పిన్ని ఫొటో కూడా వేసి, కింద ‘భర్త ఆశయాన్ని చివరిదాకా నిలిపిన సహచరి’ అని రాశారు. అది చదివి ఒక్కదాన్నే చాలాసేపు నవ్వుకున్నాను. ఆ నవ్వు సంగతి చెప్పుకోడానికి ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి మీకు చెబుతున్నాను.

పిన్ని మా అమ్మకి చెల్లెలు, తగరపువలస దగ్గర పల్లెలో పుట్టింది. బాబాయిది కృష్ణా జిల్లా, ఉద్యోగం మా వైపు పోర్టులో. ఓడల్లోకి ఇనుప ఖనిజం నింపే చోట ఫోర్‌మన్. డెబ్బైల చివర్లో నేను కాలేజీ చదువుకి వాళ్ళ క్వార్టర్స్‌లో ఉండేదాన్ని. ఆ ఇంట్లో తెల్లబట్ట అనేది ఉండేది కాదు. ఉదయం ఆరేసిన చీర సాయంత్రానికి ఎర్రటి దుమ్ము పట్టి, ఉతికిందో ఉతకనిదో తెలిసేది కాదు. బాబాయి మంచి మాటకారి, తిండిపుష్టి గల మనిషి. దేవుడు లేడని చెప్పడంతో ఆయనకి తనివి తీరేది కాదు. వినాయక చవితి చందాకి వచ్చిన కుర్రాళ్ళని కూర్చోబెట్టి, “దేవుడి సంగతి తర్వాత చూద్దాం. అసలు ఏదైనా ఎందుకుందో చెప్పండి. భూమి, సముద్రం, మీరు, మీ చందా పుస్తకం. ఏమీ లేకుండా ఉంటే ఎవరికి నష్టం? చెప్పినవాడికి పది రూపాయలిస్తా” అనేవాడు. దేవుడు చేశాడండి అని వాళ్ళు గొణిగితే, మరి దేవుడు ఎందుకున్నాడ్రా అని పొట్ట ఊగేలా నవ్వేవాడు. ఆ పది రూపాయలు ఎన్నేళ్ళైనా ఆయన జేబు దాటలేదు. ఆఖరికి తనే, “నాకూ తెలీదు. తెలీదని ఒప్పుకోడానికి దమ్ముండాలి” అని ముగించేవాడు. బియ్యం డబ్బా వెనక పిన్ని సింహాచలం అప్పన్న పటం దాచుకునేది. ఆయన దాన్ని పారేయలేదు గాని, సరదా పుట్టినప్పుడు గోడవైపుకి తిప్పేసి వచ్చేవాడు. పిన్ని మళ్ళీ ఇటు తిప్పుకునేది. అదొక సంసారం.

పెళ్ళయిన చాలా ఏళ్ళకి వాళ్ళకొక పాప పుట్టింది. నా జడ కొస గుప్పిట్లో పట్టుకుంటే తప్ప నిద్రపోయేది కాదు. మూడో ఏట, వానాకాలంలో జ్వరం తగిలి అది మెదడుకి ఎక్కింది. డాక్టర్లు చేసేదంతా చేశారు. పిన్ని ఆసుపత్రి మంచం దగ్గర కూర్చుని, పసుపు గుడ్డలో రూపాయి కట్టి అప్పన్నకి ముడుపు మొక్కుకుంది. పాప దక్కలేదు. పలకరించడానికి చుట్టుపక్కల క్వార్టర్స్‌ వాళ్ళు వచ్చి కూర్చున్నప్పుడు, బాబాయి ఆ ముడుపు తెచ్చి అందరి ఎదుటా విప్పాడు. ఆ రూపాయి పెట్టి సందు చివర హోటల్నించి టీ తెప్పించాడు. “తీసుకోండి, అప్పన్నగారి టీ. పిల్లని ఇవ్వలేకపోయినా ఇదన్నా ఇచ్చాడు” అని గ్లాసులు పంచాడు. పిన్నికీ ఒకటి ఇచ్చాడు. ఆమె కళ్ళు దించుకుని మొత్తం తాగింది. ఆయనకి దుఃఖం లేదనడానికి లేదు. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడవడం నేను విన్నాను. కానీ పిన్నికి ఆ ఏడుపు వినపడనివ్వలేదు. వచ్చినవాళ్ళు వెళ్ళాక ఆమె అడిగింది.

“పాప ఎక్కడికెల్లింది?”

“ఎక్కడికీ వెళ్ళలేదు. దీపం ఆరితే ఎక్కడికెళ్తుంది? అయిపోయింది.”

“మరలాగైతే అసలెందుకొచ్చినట్టు?”

“తెలీదు,” అన్నాడు బాబాయి. చందా కుర్రాళ్ళకి చెప్పే గొంతుతోనే చెప్పాడు. ఆ రోజు తర్వాత పటం గోడవైపు తిరిగి ఉంటే అలాగే ఉండిపోయింది.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో వాళ్ళు దువ్వాడలో చిన్న ఇల్లు కట్టుకుని వెళ్ళారు. అక్కడే బాబాయికి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. “మాట రాదు గాని ఆయనకి అన్నీ తెలుస్తాయమ్మా” అన్నాడు డాక్టరు. “అన్నీ తెలుస్తాయా?” అని పిన్ని రెట్టించి అడిగింది. తెలుస్తాయన్నాడు.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరాను. చూడ్డానికి వెళితే బాబాయి మంచం మీద శుభ్రంగా స్నానం చేయించుకుని, పౌడరు రాయించుకుని, నుదుటి నిండా నామంతో ఉన్నాడు. తుడుచుకోవాలని ఎడమ చెయ్యి లేపితే పిన్ని ఆ గుప్పిట్లో అక్షింతలు పెట్టి మెల్లిగా మూసేది. కొన్నాళ్ళకి టాక్సీలో సింహాచలం తీసుకెళ్ళి గుండు కొట్టించింది. పొద్దున్నే ఆయన చెవి పక్కన టేప్‌రికార్డరులో గోవింద నామాలు పెట్టేది. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారేవి. చుట్టాలు చూసి, చివరికి భక్తి పుట్టింది, ఇలాంటి భార్య దొరకాలి అనుకుంటూ వెళ్ళేవారు. ఒంటికి పుండు పడకుండా గంటగంటకీ పక్క మార్చేది కూడా ఆమే. ఆయన ఎక్కువకాలం బతకాలని ఆమెకి గట్టి పట్టుదల.

పోర్టులో ఆయనతో పనిచేసిన స్నేహితుడు ఒకసారి వచ్చాడు. ఇద్దరూ కలిసి ఊరంతా సభలు పెట్టినవాళ్ళు. ఆయన జేబురుమాలు తడిపి బాబాయి నుదురు తుడిచాడు. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. పిన్ని లోపలికి వెళ్ళి నామం గిన్నె తెచ్చి, ఆ స్నేహితుడి ఎదురుగానే మళ్ళీ దిద్దింది.

“ఇది అన్యాయం చెల్లెమ్మా. వాడు ఒప్పుకునే పని కాదిది.”

“రేపు పొద్దున్న ఈయన దొడ్డి మీరెత్తుతారేటి అన్నయ్యా? ఎత్తుతానంటే సెప్పండి, తుడిసేత్తాను.”

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.

ఆ సాయంత్రం పిన్ని పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది.

“శనివారం కదా పిన్నీ?” అన్నాను.

“అయితే ఏటి?”

“నామాలు పెడతన్నావు, పాటలు పెడతన్నావు...”

ఆమె పొలుసు గీకడం ఆపలేదు. “నాకేటి నమ్మకం నేదే. దేవుడు పాపతోటే పోనాడు నాకు. మీ బాబాయే నయం, లేడు లేడని రోజూ ఆడి పేరు తలుసుకునీవోడు. నాను ఆమాటన్నా అన్ను. ఈయనకి నొప్పెట్టీది ఇదొక్కటే అని తెలుసు. అందుకే పెడతన్నాను.” చేప కడుపు చీల్చి పేగులు బూడిదలో పారేసి, “అన్నీ తెలుస్తాయన్నాడు కదా డాక్టరు” అంది.

ఆయన అలా మూడేళ్ళ పైచిలుకు బతికాడు. పోయిన ఉదయం చుట్టాలు పురోహితుణ్ణి పిలుచుకొచ్చారు. పిన్ని గుమ్మంలోనే ఆపేసింది. తడిగుడ్డతో బాబాయి నుదురు తనే తుడిచింది, మచ్చ కూడా మిగలకుండా. “మంత్రాలేటీ వద్దు. ఇంకీయనకేటి తెలుస్తాది?” అంది. మంత్రం లేకుండా, పిండం లేకుండా దహనం జరిగిపోయింది. ఆ స్నేహితుడు శ్మశానంలో ఆమెకి చేతులు జోడించి, కన్నీళ్ళతో చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. పిన్ని ఆయన వైపు కాస్త ఆశ్చర్యంగా చూసింది.

తర్వాత ఎప్పుడో దువ్వాడ అరుగు మీద కూర్చుని ఉంటే ఉన్నట్టుండి అంది, “మీ బాబాయి అడిగీవోడు కదా, ఏటీ లేకపోతే ఎవులికి నష్టమని. ఆ ఒక్క మాటా నిజవేనే. ఏటీ లేకుంటే ఎంత బాగుండును, నొప్పెట్టడానికి ఎవులూ ఉండరు కదా.”

పిన్ని పోయి కూడా చాలా కాలమైంది. పాప బతికుంటే దానికీపాటికి జుట్టు నెరిసేది. దానికి ఫొటో తీయించలేదు. దాన్ని ఎత్తుకున్నవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. నేనూ వెళ్ళాక అలాంటి పిల్ల ఒకతి పుట్టిందని చెప్పేవాళ్ళుండరు. ఏదైనా ఎందుకుందో నాకూ తెలీదు గాని, ఉన్నదాన్ని అసలెన్నడూ లేనిదానిలా చెయ్యడం కాలానికి ఎంత తేలికో ఈ వయసుకి బాగా తెలిసింది.