ఒక సీసా, పద్నాలుగు టిక్కులు

ఆ ఆకాశరామన్న ఉత్తరం రాసిందెవరో జమాలుద్దీన్‌కు తెలుసా, తెలియదా? ఇన్నేళ్ళు గడిచినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. తెలుసనుకుంటే ఆయన ఒక రకం మనిషి, తెలియదనుకుంటే మరో రకం.

రెండువేల ఎనిమిది ఫిబ్రవరిలో ఆయన రేపల్లె బస్సు దిగి ఆ ఆరోగ్య కేంద్రానికి వచ్చాడు. అది సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన, చేపల పాలేనికి మైలు దూరంలో ఉంది. యాభై దాటిన మనిషి. నెరిసిన గడ్డం, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, భుజాన గుడ్డసంచి, అందులోంచి బయటికి పొడుచుకొచ్చిన చార్టు కాగితాల చుట్ట. సొంతూరు తెనాలి. తండ్రి పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. ఈయన ఇంటర్ తప్పి, బాపట్లలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో ఇరవై రెండేళ్ళు రక్తం, మూత్రం పరీక్షించి, అది మూతపడ్డాక ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాడు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసేవాళ్ళు తమ పనిని తామే ఎలా బాగుచేసుకోవచ్చో చూపించడం అక్కడ ఆయన ఉద్యోగం.

సరంజామా పెద్దగా లేదు. గోడకు ఒక చార్టు, మూడు స్కెచ్ పెన్నులు. చార్టులో కింద వారాలు, పక్కన పిల్లల సంఖ్య. టీకాలు వేసినరోజు సాయంత్రం ఒక చుక్క పెట్టాలి.

"చుక్క కిందికి దిగితే ఎవర్నీ తిట్టొద్దండీ. ఎందుకు దిగిందని ఐదుసార్లు అడుగుదాం. మొదటి జవాబు ఎప్పుడూ ఎవరో ఒకరి మీదికి పోతుంది. ఐదోదానికి పని జరిగే తీరు దగ్గరికొస్తాం," అన్నాడు మొదటిరోజు మీటింగులో.

డాక్టరు రాధారాణి తలూపింది. మందులిచ్చే చలపతిరావు మాత్రం బయటికి రాగానే గొంతు తగ్గించాడు.

"చూశావా కోటమ్మా? ఆడిట్ వాళ్ళు అరిచి అడుగుతారు. ఈయన నవ్వుతూ అడుగుతున్నాడు. నవ్వేవాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలమ్మాయ్."

కోటమ్మకు ఆ మాట చెప్పాల్సిన పనే లేదు. పాలెంలో పిల్లలకు టీకాలు వేసే నర్సు ఆమె, కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా మార్చి నెలాఖరుకు కాగితం తిరగరాస్తేనే ఏప్రిల్లో పని. భర్త నడుం విరిగి మంచాన పడ్డాక ఇంటికి ఆ కాగితమే ఆధారం. రిజిస్టరులో ఆమె రాసిన టిక్కులన్నీ నిజం కావు.

అబద్ధం అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. టీకా బుధవారం. ఆరోజు పడవలు వేటకు పోయేదుంటే పాలెం తల్లులు బిడ్డల్ని తెచ్చేవారు కాదు. సూది వేస్తే రాత్రికి జ్వరం, జ్వరమొస్తే ఏడుపు. మగాడు వేటకు గడప దాటుతుంటే ఇంట్లో బిడ్డ ఏడవకూడదు. "వచ్చే వారం తెస్తాలే అక్కా, రాసేసుకో," అనేవాళ్ళు. కోటమ్మ రాసేసుకునేది. తర్వాత ఇళ్ళకు పోయి పట్టుకుని చాలామందికి వేసేది కూడా. అందరూ దొరికేవారు కాదు.

జమాలుద్దీన్ ప్రతి బుధవారం వచ్చేవాడు. భార్య షాహీదా కట్టిచ్చిన డబ్బా అందరికీ చూపించి, "మా ఆవిడ పలావు, మొహమాటపడొద్దు," అనేవాడు. చలపతిరావు తినేవాడు. కోటమ్మ ముట్టేది కాదు. ఉప్పు తిన్నాక నోరు జారుతుందని ఆమె లెక్క. ఆయన చిన్న డైరీలో ఏదో రాసుకుంటే ఆమె చూపు అటే పోయేది. ఫోనొస్తే ఆయన గేటు దాకా నడిచి మాట్లాడేవాడు. ఎవరితో? ఓ రోజు తనకు చెప్పకుండా పాలెం వెళ్ళి, వలలు అల్లేవాళ్ళ పక్కన గంటసేపు కూర్చుని వచ్చాడట.

"ఏమడిగాడే?" అంది కోటమ్మ ఒక తల్లితో.

"ఏంలేదక్కా. నీళ్ళు ఎప్పుడు లాగుతాయి, పడవలు ఎప్పుడు ఆగుతాయి అని. సాయిబుగారికి చేపల యాపారం పెట్టే ఉద్దేశముందేమో!"

ఆమె నవ్వింది. కోటమ్మ నవ్వలేదు.

మార్చి మొదటి బుధవారం సాయంత్రం ఆయన బల్ల కింద బకెట్టులోని ఖాళీ సీసాలను చూశాడు. తర్వాత రిజిస్టరు చూశాడు.

"కోటమ్మగారూ, పద్నాలుగు టిక్కులున్నాయి. సీసా ఒకటే. సీసాకు పది డోసులు కదమ్మా. ఎందుకంటారు?"

ఆమె రిజిస్టరు తన వైపు లాక్కుంది. ఆయన గొంతు పెంచలేదు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ అడిగాడు. మూడోసారికి బిడ్డ ఏడుపు సంగతి బయటపడింది. నాలుగోసారికి వేట సంగతి.

"అదన్నమాట! అష్టమి, నవమి రోజుల్లో నీటి లాగుడు తగ్గి పడవలు ఒడ్డునే ఉంటాయట. బుధవారం పట్టుకు వేలాడకుండా ఆరోజు వేస్తే? డాక్టరమ్మను నేనడుగుతా. మీరు మాత్రం అసలు లెక్క ఎంతో మీ చేత్తోనే చార్టు మీద పెట్టండి."

మీ చేత్తోనే. ఆ ఒక్కమాట ఆమెకు ఇంటికి పోయేదాకా చెవిలో గింగురుమంది.

"నీ చేత్తో నువ్వే ఒప్పుకున్నట్టు రాయించుకుంటున్నాడు," అన్నాడు చలపతిరావు మర్నాడు. "నెలాఖరుకు కాగితం రాదు, చూసుకో. ఆయనకంటే ముందే నువ్వు కదలాలి."

ఆమె కదిలింది. గుంటూరులో జిల్లా ఆరోగ్య ఆఫీసుకు సంతకం లేని ఉత్తరం రాసింది. బయటి మనిషి ఒంటరిగా పాలెంలో తిరుగుతున్నాడు, పిల్లలెందరని ఆడవాళ్ళను అడుగుతున్నాడు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకు పేర్లు రాసుకుంటున్నాడని జనం భయపడుతున్నారు, టీకాలు ఆగిపోయేట్టున్నాయి. అక్షరాలు పక్కకు వాల్చి రాసింది. పోస్టు రేపల్లెలో వేసింది. అయినా ఉత్తరం డబ్బాలో పడ్డాక గుర్తొచ్చింది, తన రాత ఆ మనిషి నెలరోజులుగా చూస్తూనే ఉన్నాడు.

అష్టమినాడు పాలెంలో టీకాలు వేశారు. తండ్రులు కూడా బీడీలు చెవి మీద పెట్టుకుని బిడ్డల్ని ఎత్తుకొచ్చారు. ఇరవై ముగ్గురు. అందులో కోటమ్మ రిజిస్టరులో ఎప్పుడో టిక్కు పడ్డ పిల్లలు ఎనిమిదిమంది. ఆమె వాళ్ళ పేర్ల పక్కన ఆనాటి తేదీ వేసింది. జమాలుద్దీన్ అటు చూడలేదు. చూడకపోవడం కూడా ఆమెకు అనుమానంగానే ఉంది. సాయంత్రం చార్టు మీద పాత చుక్కలను దించి, కొత్త చుక్కను తనే పెట్టింది.

నెలాఖరుకు కాంట్రాక్టు కాగితం వచ్చింది. ఇచ్చేటప్పుడు డాక్టరు రాధారాణి అంది: "జమాలుద్దీన్‌గారు రిపోర్టులో నీ గురించి రాశారు. తన లెక్కను తనే దిద్దుకుంది, ఇలాంటి మనిషిని వదులుకోవద్దని. ఆయన్ని మాత్రం మనం వదులుకోవాల్సొచ్చింది. పైనుంచి ఫోన్. ఏదో ఉత్తరం అందిందట. ఆయన్ని పిలిపించి చూపించారట కూడా."

"చూపించారా?" అంది కోటమ్మ.

"ఊఁ. చదివి మడిచి ఇచ్చేశాడట."

రిపోర్టు ముందు రాశాడా, ఉత్తరం చూశాక రాశాడా? కోటమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆయన ఆఖరిసారి వచ్చింది సంచీ తీసుకుపోవడానికి. డాక్టరుకు నమస్కారం పెట్టాడు. చలపతిరావు చేయి పట్టుకుని ఏదో అని నవ్వించాడు. కోటమ్మ వరండాలో టీకాల పెట్టెలో ఐసు సర్దుతోంది. ఆయన అడుగుల చప్పుడు విని లేచి నిలబడింది. పలకరిస్తే అన్నీ చెప్పేద్దామనుకుంది, పలకరిస్తాడేమోనని భయపడింది.

జమాలుద్దీన్ ఆమె పక్కనుంచే మెట్లు దిగాడు, చెప్పులు వేసుకున్నాడు, గేటు తీసి మళ్ళీ జాగ్రత్తగా వేశాడు. రేపల్లె బస్సు వచ్చి ఆగింది. ఆయన ఎక్కి, వరండా కనిపించని అవతలి వైపు సీట్లో కూర్చున్నాడు.