కళావతి గదిలో తెగిన గీతలు

“గీత తెంపుతోంది నాను కాదు, నీ పలకే!”

“పలకకి సేతులున్నాయేటి పిన్నీ, తెంపడానికి?”

“సిన్నప్పుడు నీ ముక్కు తుడిసిన సెయ్యిది. దీనికి రోగమంటావా?”

“రోగమని ఎవులన్నారు? తేడా ఉన్నాదన్నాను.”

“తేడా ఉన్న సెయ్యి నీకెందుకులే. రేపట్నించి రాను.”

నేను చెప్పులు వేసుకుంటుంటే కళావతి ఆపలేదు. ఆపలేదన్న కోపం ఇల్లు చేరేదాకా తగ్గలేదు.

నిన్న మా మెట్ల కింద దర్జీ ఒకతను కుట్టుమిషను విప్పి కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నాడు. ఆ వాసన తగలగానే ఈ మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. కళావతి పోయి ఏడాది కావస్తోంది. వాళ్ల నాన్నా, మా ఆయనా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి ఓడరేవు డాకుల్లో ఒకే చోట మూటలు మోశారు. కళావతి నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. నేను మూడో తరగతితో ఆగిపోయాను, ఆమె కాలేజీ దాకా చదివింది. ఈ ఊళ్లోని దర్జీల పేట మెటియాబ్రుజ్‌లో మేం పనిచేసే ఎంబ్రాయిడరీ కార్ఖానాలో డిజైన్ల గదికి ఆమే పెద్ద. వరసకు నేను పిన్నిని, పనిలో ఆమె నాకు పైమనిషి. ఈ రెండూ ఎక్కడా తగువు పడకుండా నడిపించింది ఆమే. నాకంత ఓర్పు లేదు.

ఆ గదిలో నా పని ముప్పై ఏళ్లుగా ఒకటే. పల్చటి కాగితం మీద తీగలూ పూలూ గీసి, ఆ గీతల వెంట సూదితో బెజ్జాలు పొడిచేదాన్ని. ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి కిరసనాయిల్లో కలిపిన సుద్దతో రుద్దితే బెజ్జాల్లోంచి రంగు దిగి బొమ్మ పడుతుంది. తర్వాత కంప్యూటరు చెప్పినట్టు కుట్టే మిషను వచ్చింది. దానికి కాగితం అక్కర్లేదు, నేను పలక అనే ట్యాబ్లెట్ మీద గీసిన ఫైలు చాలు. కార్ఖానా యజమాని మాలిక్ మా గది గుమ్మంలో నిలబడి, ఫైళ్లు ఇక్కడ సరిగా రాకపోతే గీసే పని న్యూ టౌన్‌లోని కంప్యూటరు వాళ్లకిస్తానన్నాడు. అంటే నా కుర్చీ తీసేస్తానని. కళావతి వెంటనే, “మా పిన్ని గీస్తాది, మీకెందుకు?” అంది. నన్ను అడగను కూడా లేదు.

ట్యాబ్లెట్ మీద అంటించి వచ్చిన ప్లాస్టిక్ పొరను నేను పీకనివ్వలేదు. కొత్త వస్తువు, గీతలు పడితే ఎవరిది పూచీ? పెన్ను సరిగా పలకడం లేదని కళావతి మూడో రోజున దాన్ని పట్టుకుని లాగేసింది. “పెళ్లికిచ్చిన సోఫా అనుకున్నావేటి పిన్నీ, కవరుతోనే కూకోడానికి?” అంది. గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు గాని, పెన్ను మాత్రం కొంచెం నయమైంది.

అసలు చిక్కు పెళ్లి షేర్వాణీ కాలరు దగ్గర వచ్చింది. నేను గీసిన తీగ తెర మీద నిండుగా కనిపించేది. మిషను మాత్రం కొంచెం కుట్టి, దారం తెంపి, గెంతి, మళ్లీ కొంచెం కుట్టేది. బట్ట మీద తీగ ఉండాల్సిన చోట చీమలబారు పడింది. మాలిక్ దాన్ని చూసి, మర్నాడు పదింటికి మంచి ఫైలు రాకపోతే ఇక మాటల్లేవన్నాడు.

కళావతి పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, గీత దేనివల్ల తెగుతూ ఉండొచ్చో అవన్నీ వరసగా రాసుకుంది. నేను అన్నీ ఒక్కసారే మార్చి పారేయమన్నాను. “అన్నీ మార్సీసి బాగయిందనుకో, ఏది బాగు సేసిందో ఎలాగ తెలుస్తాది? రేపు మళ్లీ పాడైతే ఏటి సేత్తావు?” అంది. ముందు పెన్ను మొన మార్చింది. తర్వాత, చెయ్యి నొక్కేదాన్ని బట్టి లావూ సన్నం అయ్యే బ్రష్ తీసేసి, ఒకే మందం ఉండేది పెట్టింది. గీత కొసలు సన్నబడటం ఆగింది, తెగడం ఆగలేదు. గీతను నునుపు చేసే అమరిక తగ్గించింది. పెన్ను వెనకాల గీత ఈడ్చుకుంటూ రావడం పోయింది, తెగడం పోలేదు. అరచెయ్యి తగిలి అక్కడక్కడా చుక్కలు పడుతున్నాయంటే మా ఆయన పాత మేజోడు కోసి తొడుక్కున్నాను. చుక్కలు పోయాయి. కళావతి ఒక్కోదాని ఎదురుగా ‘ఇది కాదు’ అని రాస్తూ పోయింది. కాగితంలో చివరికి మిగిలింది ఒక్కటే, నా చెయ్యి. పెన్ను నా చేతిలోంచి తీసుకుని తానే తీగ గీసింది. అది ఎక్కడా తెగలేదు.

“మరింకేటి? నువ్వే గీసి పంపించీ,” అన్నాను.

“నాను గీసీస్తే పిన్నెందుకు అని అడుగుతాడు మాలిక్. నీ సేత్తోనే రావాల.”

మంచికే అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. పైన రాసిన గొడవ అప్పటిది.

నేను కటువు మనిషిని, ఇప్పటికీ అంతే. అయినా ఇంట్లో పొయ్యి మొరాయించినా, మనవరాలికి మార్కులు తగ్గినా, ఒక్కదాన్నే మార్చి ఆగి చూడటం కళావతి దగ్గర నేర్చుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది. ఒక మనిషిని తప్పుపట్టే ముందు ఆ మనిషి పని నా చేత్తో ఒకసారి చేసి చూస్తాను. ఇది ఆమె ఎన్నడూ నోటితో చెప్పలేదు.

ఆ గొడవ మర్నాడు పొద్దున్నే వెళ్లాను. పనికి కాదు, నా స్టీలు క్యారేజీ అక్కడే ఉండిపోయింది, దాన్ని వదులుకునే మనిషిని కాను. కళావతి అప్పటికే వచ్చి నా పాత బల్ల దగ్గర కూర్చుంది. ముందు పల్చటి కాగితం, చేతిలో సూది. చూపుడు వేలి మీద రెండు చోట్ల నెత్తురు.

“రా పిన్నీ. సూది లేపకుండా లాగితే కాయితం సిరిగిపోతన్నాదేటి?”

“సిరగదా మరి? నూకగింజంత దూరానికోసారి లేపాల.”

“పెన్ను కూడా అలగే లేపుతున్నావు.”

ట్యాబ్లెట్‌లో నా తీగను మందం తీసేసి ఉత్త గీతల్లా చూపించింది. అది ఒక తీగ కాదు, నూకగింజంత ముక్కల వరస. పైన వేసిన మందం ఆ సందులను కప్పేసింది.

“సెయ్యి పాడవలేదు పిన్నీ, దానికి పని బాగా తెలుసు. కాకపోతే ఇది కాయితం కాదు, సిరగదు. లాగీ.”

క్యారేజీ కింద పెట్టి కూర్చున్నాను. మొదటి తీగ వంకరగా వచ్చింది. రెండోదానికి ఆకు దగ్గర చెయ్యి లేచిపోయింది. మూడోది ఆ కొస నుంచి ఈ కొస దాకా లేపకుండా లాగాను. పదింటికి ముందే ఫైలు మిషనుకు వెళ్లింది. మిషను ఒక్కసారి కూడా దారం తెంపకుండా కాలరు చుట్టూ తిరిగి ఆగింది. కళావతి బట్టను తిరగేసి వెనక కుట్టు చూసి, ముందుకు తిప్పి చూసి, మాలిక్ బల్ల మీద పెట్టి వచ్చింది.

“రెండో కాలరు మొదలెట్టు పిన్నీ,” అని వేలికి గుడ్డపీలిక చుట్టుకుంటూ టీ చెప్పడానికి వెళ్లింది.