హూలే అంటే కట్టె

ఇబ్రహీంపట్నంలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేవాణ్ణి. క్లాసులో ఆరుగురు. నలుగురు కంప్యూటర్స్‌లో సీటు దొరక్క వచ్చినవాళ్ళు, మిగతా ఇద్దరూ ఎందుకొచ్చారో వాళ్ళకే తెలియదు. ఆ ఆరుగురి ముందే నా గ్రీకు పాండిత్యమంతా. నాకొచ్చిన గ్రీకు మాటలు ఏడెనిమిది. వాటిలో బాగా ఇష్టమైంది ‘హూలే’. పదార్థం అని చెప్పి ఊరుకునేవాణ్ణి.

కాలేజీని తనిఖీ చేయడానికి ఓ బృందం వస్తోందని ప్రిన్సిపాల్ సెమినార్ పెట్టించాడు. “పదార్థం మీద మాట్లాడు. గిదంతా మన వేదాలల్ల ఎప్పుడో ఉన్నదని ఆఖర్ల చెప్పు,” అన్నాడు నాతో.

“ఎక్కడుంది సార్?”

“గది నువ్వు చూస్కో. తత్వశాస్త్రం నీదా, నాదా?”

అప్పుడు మొదటిసారి నిఘంటువు తీశాను. హూలేకి మొదటి అర్థం అడవి. తర్వాత నరికిన కలప, పొయ్యిలోకి కట్టెలు. ఒక వస్తువు దేనితో తయారైందో ఆ ‘దేని’కి గ్రీకులో మాట లేకపోతే, ఓ తత్వవేత్త ఈ కట్టెనే అరువు తెచ్చుకున్నాడు. మంచానికి కట్టె ఎలాగో, విగ్రహానికి కంచు అలాగ. దాన్ని లాటిన్‌లోకి మార్చినవాళ్ళూ తమ కలప మాటనే వాడుకున్నారు. మన ‘పదార్థం’ మాత్రం పదానికి అర్థం. వాళ్ళు కట్టె పట్టుకున్నారు, మనం మాట పట్టుకున్నాం. ఇంకా వదల్లేదు.

బృందానికి ఓ కట్టెముక్క చూపిద్దామని సాగర్ రోడ్డు మీది టింబర్ డిపోకి వెళ్ళాను. యాచారం నుంచి రోజూ వచ్చే వడ్రంగి ఒకాయన దర్వాజ చెక్కుతున్నాడు.

“అన్నా, కట్టెకు సొంత ఆకారం ఉండదు, నువ్విస్తేనే వస్తది గదా?” అన్నాను.

ఆయన ఉలి పక్కన పెట్టాడు. “ఎవలు జెప్పిండ్రు సార్?”

“గ్రీకు దేశమాయన.”

“ఆయన పచ్చికట్టెతోని మంచం జేసి ఉండడు. మనం ఒకటి జేస్తే అది ఎండి ఇంకో తీరు వంగుతది. కట్టె మన మాట ఇనది సార్, మనమే దాని మాట ఇనాలె.”

కట్టెముక్క మానేసి ఆయన్నే సెమినార్‌కి రమ్మన్నాను.

ఆ రోజు ఇరవై నిమిషాలు మాట్లాడాను. తనిఖీ బృందంలో ఒకాయన ఫోన్ చూసుకున్నాడు, ఇంకొకాయన జీడిపప్పు తిన్నాడు. తర్వాత వడ్రంగి వేదికెక్కాడు. మైకు వద్దన్నాడు. ముందున్న బల్ల మీద వేళ్ళతో రెండుసార్లు కొట్టాడు. అది బర్మా టేకు అని ప్రిన్సిపాల్ పొద్దున్నే బృందానికి చెప్పి ఉన్నాడు.

“సార్, గిది కట్టె గాదు. రంపప్పొట్టుల బంక కలిపి నొక్కిన బోర్డు. పైన టేకు బొమ్మున్న కాయితం అతికిచ్చిండ్రు,” అంటూ గోటితో అంచు లేపి చూపించాడు.

హాలు ఘొల్లుమంది. నా ఆరుగురూ మొదటిసారి నోట్సు రాసుకున్నారు.

“ఏయ్, దిగు!” అని ప్రిన్సిపాల్ అరిచాడు. వడ్రంగి దిగిపోయాడు. పిలిచింది నేనే అని లేచి చెప్పాల్సినవాణ్ణి, తల వంచుకుని నా కాగితాలు సర్దుకున్నాను. జీడిపప్పు ఆయన మాత్రం వడ్రంగిని గుమ్మం దగ్గర ఆపి, తన ఇంట్లో డైనింగ్ టేబుల్ కూడా ఓసారి చూసి చెప్పమని అడిగాడు.

బృందం కాలేజీని తెగ మెచ్చుకుని వెళ్ళింది. చేరేవాళ్ళు లేరని ఆ ఏడే తత్వశాస్త్రం తీసేసి, నాకు వ్యక్తిత్వ వికాసం అప్పగించారు. వేదికెక్కిన మనిషి తరఫున ఒక్క మాట మాట్లాడలేనివాడికి అప్పగించాల్సిన సబ్జెక్టే.

సెమినార్ అయిన మర్నాడు డిపోకి వెళ్ళి, “తప్పయింది అన్నా, నేను నిలబడాల్సింది,” అన్నాను.

“ఫికర్ జేయకు సార్. గట్లాంటి బోర్డులు మస్తు జూసిన,” అని నవ్వి, చెక్క నున్నగా చేసే రందా నా చేతికిచ్చాడు. “ఒకపారి తోసి జూడు.”

తోశాను. చెక్క పెళ్ళలు పెళ్ళలుగా లేచింది.

“ఎదురు పోతున్నవ్. చెట్టు ఎటు పెరిగిందో అటు తొయ్యాలె.”

ఎటు పెరిగిందో చెక్కను ఎంతసేపు చూసినా నాకు అంతుబట్టలేదు. ఆయన దాన్ని అటునుంచిటు తిప్పి మళ్ళీ నా ముందు పెట్టాడు.