నేను బాక్సర్ వేషం వేసిన రోజు

బాక్సింగ్ సినిమా ఎక్కడ ఆడుతున్నా నేను వదలను. కథ ఎలాగూ తెలిసిందే. ఒక పేదవాడు, ఒక ముసలి గురువు, బలిసిన ప్రత్యర్థి ఒకడు, చివర్లో పెద్ద పోటీ. అయినా వెళ్తాను. వెళ్ళి హీరో చేతుల వంక చూడను. గుద్దడం ఎవడైనా గుద్దుతాడు, వెనక నుంచి డిష్యుం అని చప్పుడు వేసేవాడు వేరే ఉంటాడు. దెబ్బ తిన్నాక ఏం చేస్తాడా అని చూస్తాను. చాలామంది హీరోలు అన్ని గుద్దులు తిన్నాక కూడా దువ్విన క్రాపు చెదరకుండా నిలబడతారు. పెదవి చివర ఎర్రరంగు చుక్క, దాన్ని బొటనవేలితో తుడుచుకుని ఒక చూపు. నాకు ఒళ్ళు మండిపోతుంది. పక్కన కూర్చున్న మా ఆవిడ, "మీరు సినిమాకొచ్చారా, తగువుకొచ్చారా?" అంటుంది.

ఈ పిచ్చి నాకు అంటించింది డెబ్బైల చివర్లో వచ్చిన ఒక ఇంగ్లీషు సినిమా. తునిలో మాది బట్టల కొట్టు. పగలంతా నాన్నగారితో కొట్లో ఉండి, సాయంత్రాలు నాటకాలు వేసేవాణ్ణి. మొదట పద్యనాటకాలు, తర్వాత పరిషత్తు పోటీలకు నాటికలు. ఆ ఏడు మా దర్శకుడుగారు ఓడిపోయిన బాక్సర్ కథ ఒకటి ఎత్తుకున్నారు. బాక్సర్ వేషం నాది. అప్పటికి నేను బాక్సర్ని క్యాలెండర్ బొమ్మలో కూడా చూసి ఎరగను.

పోటీలు తునిలోనే పెడుతున్నారని తెలిసి నాన్నగారు గుడ్డ కొలుస్తూనే అన్నారు. "ఈసారి నేనూ వచ్చి చూస్తాను. కోతి గెంతుల్లా ఉందనుకో, ఇంక వేషాలు కట్టిపెట్టి కొట్లో కూర్చోవాలి. సరేనా?"

సరేనన్నాను. అనకేం చేస్తాను? కానీ రాత్రి నిద్ర పట్టలేదు. నాటకం లేని సాయంత్రం ఎలా ఉంటుందో నాకు ఊహకు కూడా అందలేదు.

ఆ భయంతోనే రైలెక్కి రాజమండ్రి వెళ్ళి, ఆదివారం ఉదయం ఆటకు ఆ ఇంగ్లీషు సినిమా చూశాను. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. సినిమా మధ్యలో ఒక రౌండు అయ్యాక బాక్సర్ వేషం వేసిన నటుడు మూలన ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. గురువు చెవిలో ఏదో అరుస్తున్నాడు. ఇతని కళ్ళు ఎక్కడో ఉన్నాయి. నోట్లో మంచినీళ్ళు పోస్తే మింగడం మర్చిపోయాడు, గడ్డం మీదుగా కారిపోయాయి. గంట మోగింది. లేవాలి. ఆ స్టూలు వదలబుద్ధి కాక ఒక్క క్షణం అలాగే ఉండిపోయి, అప్పుడు లేచాడు. బాక్సర్ని నమ్మించేది ఆ అలసటేనని నాకు అక్కడ తెలిసింది. తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఆయన పేరు కూడా నాకు సరిగ్గా పలకడం రాదు గాని, ఆయనకు ఎంత రుణపడ్డానో చెప్పలేను.

ప్రత్యర్థి వేషం వేసినతను సముద్రం వైపు జాలర్ల ఇంటివాడు, టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం. చిన్నప్పటి నుంచి వలలు లాగిన భుజాలు. "తగలకుండా కొడతానండి, మీరు నమ్మి ఎదురు రండి. బెదిరి పక్కకి తప్పుకున్నారంటేనే తగుల్తాది" అనేవాడు. కొట్లో మిగిలిన ఎర్రగుడ్డ ముక్కల్లో బూరుగు దూది కూరి దర్జీ చేత గ్లవ్స్ కుట్టించాం. ఎంత దూదైనా, నేను బెదిరినప్పుడల్లా మూతి వాచేది. మా ఇంట్లో చేపలు తినరని వాళ్ళమ్మగారు నాకు తాటి తాండ్ర పంపేవారు. వాచిన మూతితో నమల్లేక చప్పరించేవాణ్ణి. ఆ తల్లి చల్లని మనసు ఇప్పటికీ తలుచుకుంటాను.

పోటీల మొదటి రోజు మొదటి నాటిక మాదే. దీపాలు పెట్టే వేళకు తెర లేచింది. నాన్నగారు ముందు వరసలో కండువా సర్దుకుని కూర్చున్నారు. నాటిక బాగా నడిచింది. స్టూలు మీద కూలబడ్డాను, నీళ్ళు కార్చాను, లేవలేక లేచాను. ఆఖరి దెబ్బకు నిలువునా పడ్డాను. చెంప స్టేజి బల్లలకు ఆనించి, కళ్ళు సగం తెరిచి, ఊపిరి బిగబట్టాను. పందిట్లో చప్పుడు లేదు. తెర పడాలి.

తెర పడేలోపు వెనక నుంచి ఎవరో "వన్స్ మోర్!" అన్నారు. మరుక్షణం పందిరంతా అందుకుంది.

మా వైపు పద్యనాటకాల్లో అదొక మర్యాద. పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు, నటుడు మళ్ళీ పాడతాడు. యుద్ధంలో చచ్చి పడున్నవాడైనా సరే, లేచి పాడి మళ్ళీ చావాల్సిందే. నా చెవులు ఆ మాటకు అలవాటు పడిపోయాయి. బుర్ర ఆలోచించేలోపు ఒళ్ళు లేచింది. గ్లవ్స్ జోడించి జనానికి దండం పెట్టాను.

"ఏంటండీ ఇది?" అన్నాడు ప్రత్యర్థి, పెదవులు కదపకుండా.

"కొట్టు" అన్నాను.

పాపం, కొట్టాడు. మళ్ళీ పడ్డాను. పందిరి నవ్వులతో ఊగిపోయింది. న్యాయనిర్ణేతలు కూడా నవ్వారు.

తెర వెనక దర్శకుడుగారు నిప్పులు కక్కుతున్నారు. "ఓడిపోయిన బాక్సర్ లేచి దండం పెట్టడమేంటయ్యా? ఆర్నెల్ల కష్టం గంగలో కలిపేశావు!" నేను తల ఎత్తలేదు. బహుమతి గురించి కాదు. కోతి గెంతు అంటే ఇంతకంటే ఏం ఉంటుంది? నాటకాలకూ నాకూ రుణం తీరిపోయిందనుకున్నాను.

నాన్నగారు వచ్చారు. కండువా భుజం మీద లేదు, ఎక్కడ పడేసుకున్నారో. నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"వాణ్ణేమీ అనకండి" అన్నారు దర్శకుడుగారితో. "మొదటిసారి పడ్డప్పుడు వాడు అయిపోయాడనుకున్నానండి. కళ్ళు చూస్తే అలాగే ఉన్నాయి. లేచి వద్దామంటే నాకు కాళ్ళు రాలేదు. అంతమంది అరిచి లేపారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనక్కడే పోయుందును."

నాకు ఏడుపొచ్చింది.

"వేసుకోరా, నాటకాలు వేసుకో" అన్నారు నాన్నగారు. "కానీ చచ్చే వేషాలకు మాత్రం నన్ను పిలవకు."

తర్వాత చాలా ఏళ్ళు వేశాను. ఆయన మరి రాలేదు గాని, సాయంత్రం కొట్టు తను చూసుకుంటూ నన్ను పంపేవారు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి అడిగేవారు, "చివర్లో లేస్తావా?"

"లేస్తాను నాన్నగారూ" అనేవాణ్ణి, ఏ వేషమైనా సరే.