పొలిమేర రాయి దొరికేదాకా

మా మేనత్త తన ఆవును తిట్టడం మానేసిందని తెలిసిన రోజు నాకు నిజంగా భయమేసింది. ఆమెకు ప్రేమంటే తిట్టడమే. నన్ను తిడుతుంది, పొయ్యిని తిడుతుంది, ఆవునైతే "ఓసి నీ మొగం మండ" అంటూనే పాలు పితుకుతుంది. ఆ ఉగాదికి తిరుపతి నుంచి ఊరికి వెళ్తే, ఆవు ముందు ఇంత గడ్డి వేసి, నోరు మెదపకుండా కొట్టంలోని చప్టా రాయి మీద కూర్చుండిపోయింది.

"ఏమత్తా, ఒంట్లో బాగలేదా?"

"నాకేమిరా, నిచ్చింతగా ఉండాను. బాయిలో నీళ్లు అడుగంటినాయి. జాతర అయినాక దీన్ని సంతకు తోలేస్తా. పోయేదాన్ని తిట్టి ఏం లాభం అల్లుడా?"

అత్త బావి మా ఊరి కుంటకు దిగువన ఉంది. కుంట నిండితే బావి ఊరుతుంది, బావి ఊరితే ఆవుకు పచ్చగడ్డి. కుంటేమో పూడిపోయి పళ్లెంలా తయారైంది. వాన పడితే రెండు రోజులు మెరిసి ఎండిపోతుంది.

ఈ సంగతి మీద రెండేళ్లుగా ఊరికి ఉపన్యాసాలిస్తున్న మహానుభావుణ్ణి నేనే. ఆఫీసులో ఫైళ్లు మోసే గుమాస్తాను కదా, ఊరికి వచ్చేసరికి ఎక్కడలేని విజ్ఞానం పుట్టుకొస్తుంది. "ఆదివారం కుంట పూడిక తీద్దాం, అందరూ రండి" అని ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే దండాల బొమ్మలు వరసకట్టాయి. తీరా పార పట్టుకుని వెళ్తే నేనూ, అత్తా, ఎవరిదో కుక్కా. మగవాళ్లలో ఒకరు పలమనేరులో పని ఉందన్నారు, ఒకరు తిరుమల మీద అంగడికి పోయారు, ఒకరికి ఆ రోజే మరదలి పెళ్లిచూపులు. కుక్క మాత్రం కాసేపు నిజంగానే తవ్వింది.

ఉగాది పోయిన రెండో ఆదివారం మళ్లీ ఊరికి వెళ్లాను. సాయంత్రం బస్సుకని సంచి భుజాన వేసుకుంటుండగా పలక డప్పుల మోత మొదలైంది. గంగమ్మ జాతర చాటింపు! మా వైపు చాటింపు పడిందంటే, జాతర ముగిసేదాకా ఊళ్లో ఉన్నవాళ్లు పొలిమేర దాటకూడదు. సంచి మళ్లీ కొక్కేనికి తగిలించి మా ఆఫీసరుకు ఫోన్ చేశాను. జ్వరమంటే డాక్టరు చీటీ అడిగే మనిషి, తిరుపతిలో పుట్టి పెరిగినవాడు, "చాటింపా? అయితే ఎట్ల వస్తావు లేప్పా" అని సెలవిచ్చేశాడు.

మర్నాటికే ఊరి మగవాళ్లకు తోచక పిచ్చెక్కింది. చిగురేసిన కానుగ చెట్ల కింద చేరి పులిజూదం ఆడుతూ, పులి ఓడిపోయిందని తగాదాలు పడుతున్నారు. అత్త కొంగు బిగించి అక్కడికి వెళ్లింది. వెనకే నేను.

"ఏమప్పా, యాడికీ పోయే పని లేదు గదా. కుంట తవ్వండి."

జాతర పెద్ద మా పెదనాయనే, అత్తకు సొంత అన్న. ఆయన మీసం దువ్వుకుని, "కుంట పొలిమేర అవతల ఉండాది మ్మే. దాటితే అమ్మకు కోపమొస్తాది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లందరికీ ఒక్కసారిగా భక్తి ముంచుకొచ్చింది. అవునవునన్నారు.

"పొలిమేర రాయి సూపించన్నా, నోరు మూసుకుంటా."

అదెంత పని అని పెదనాయన బయలుదేరాడు. ఊరంతా వెంట నడిచింది. కుంట దగ్గరికి పోయి చూస్తే రాయి లేదు. గట్టు కింద ఉండాలని ఒకరు, గట్టుకు ఇవతలని ఒకరు. చివరికి పెదనాయన, "పూడికలో మునిగిపోయి ఉంటాది" అని తేల్చాడు.

"అయితే తవ్వి తీయండి" అంది అత్త. "ఈ పక్క నుంచే తవ్వుకుంటా పోండి. రాయి దొరికేదాకా మనూరే గదా, అమ్మకెందుకు కోపం?"

పెదనాయన పంచె ఎగ్గట్టాడు. తవ్వకూడదని రుజువు చేయడానికి పారలు, గడ్డపారలు వచ్చాయి.

మొదటి రెండు రోజులు పంతానికే తవ్వారు. "దొరికిందప్పా!" అని ఎవరో అరవడం, పరిగెత్తి చూస్తే తెగిన చెప్పో, సైకిలు పెడలో. మూడో రోజు నుంచి ఆడవాళ్లు గంపలు తెచ్చి, ఆ నల్లమట్టిని ఎవరి చేలోకి వాళ్లు మోసుకోసాగారు. అంత మంచి మట్టిని ఊరికే గట్టున పోస్తారా? మొక్కుబడికి ఆడవేషం కట్టిన మా పక్కింటాయన, ఇంత మీసంతో, పెళ్లాం పట్టుచీర దోపుకుని పార పట్టాడు. "చీరకు మన్నంటితే ఇంటికి రావద్దు" అని గట్టు మీద నుంచి ఆమె కేకలు. నాకు మొదటి రోజే అరచేతులు బొబ్బలెక్కాయి. ఉపన్యాసం కంటే పార బరువని అందరూ ఒకటే నవ్వు. అత్త మజ్జిగ తెచ్చి అందరికీ పోసింది, నాకు చివర్లో.

ఐదో రోజు మధ్యాహ్నం పెదనాయన గడ్డపార ఖణేలుమంది. అందరం ఆగిపోయాం. కుంట అప్పటికే నడుం లోతు దిగింది, ఇంకా సగం మిగిలే ఉంది. అది పొలిమేర రాయి కాకూడదు దేవుడా అనుకున్నాను. చుట్టూ చూస్తే అందరి ముఖాల్లోనూ అదే. పెదనాయన వంగి, చేత్తో మట్టి తుడిచి, "వట్టి గుండురాయి" అన్నాడు. ఆ గొంతులో సంతోషం దాచుకోవడం ఆయనకు చేత కాలేదు. "ఏం సూస్తా నిలబడినారు? రాయి దొరకల్ల గదా, తవ్వండి!"

జాతర రోజు దాకా తవ్వారు. రాయి దొరకలేదు. ఆ తర్వాత పది రోజులకు పెద్ద వాన పడి కుంటలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఆవును సంతకు తోలే మాట అత్త ఎత్తలేదు, నేనూ అడగలేదు. అడిగితే గుర్తు చేసినట్టవుతుందని భయం. ఆ ఏడు వానలకు కుంటలో నీళ్లు గట్టు తాకాయి.

మళ్లీ ఉగాదికి వెళ్లాను. కుంటలో ఇంకా నీళ్లున్నాయి. సందు మలుపులో ఉండగానే, "ఓసి నీ మొగం మండ, కాలు తియ్యవే!" అని అత్త గొంతు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సిగ్గెందుకు, తిరిగాయి.

కొట్టంలో ఆవు పక్కన దూడ కూడా ఉంది. కాళ్లు కడుక్కుందామని చప్టా రాయి మీద చెంబెడు నీళ్లు పోశాను. పేడ కరిగిపోయి, రాతి మీద ఏదో చెక్కడం కనిపించింది. బొటనవేలితో రుద్దాను. ఒక సూర్యుడు, పక్కన నెలవంక. మా వైపు పొలిమేర రాళ్లన్నిటి మీదా ఉండే గుర్తే.

"అత్తా! ఇది..."

"ఎప్పుడో గట్టు తెగిన ఏడు కొట్టుకొస్తే మీ మామ దొర్లించుకొచ్చినాడు." పాలు పితకడం ఆపకుండానే అంది. "అరవొద్దురా నాయనా. దాని మీద ఇంత పేడ పుయ్యి. కుంటకు నీళ్లొచ్చే కాలువ గూడా పూడిపోయి ఉండాది. ఈ యేడు ఆడ ఎతుకుతారు."